నేనెప్పుడు ఆపాను?

ఎవరైనా మెచ్చుకుంటే పొంగిపోనివాడు ఉంటాడా? ఉన్నాడు. కళ్ళజోళ్ళ దుకాణం వెనకగదిలో అద్దాలు అరగదీసే గుయ్ బాబాయి. ఓ మధ్యాహ్నం ఒకమ్మాయి ఆ గదిలోకి వచ్చి, చక్రం ముందు కూర్చున్న మనిషి చేతులు రెండూ పట్టుకుని, "బాబాయ్, ఆ పాట మధ్యలో మీరు ఆపారు చూడండి, దాని వల్లే నేను ఇవాళ ఇలా నిలబడ్డాను" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. పొంగిపోవాలా వద్దా? ఆయన మాత్రం చేతిలోని అద్దం పక్కన పెట్టి, "నేనా? ఆపానా? ఏ పాటలో?" అన్నాడు.

గుయ్ బాబాయి అన్నది వీధి పెట్టిన పేరు. కుర్రతనంలో ఆయన కరెంటు గిటారు తగిలించి మీటాడంటే పక్కిళ్ళవాళ్ళ చెవులు గుయ్యిమనేవి. ఆ గోలకి అద్దెకిచ్చినవాళ్ళు ఒకరి తరవాత ఒకరు ఇల్లు ఖాళీ చేయించేవారు. రాక్ సంగీతమంటే తిండీ నిద్రా అక్కర్లేనంత పిచ్చి. నలుగురు కలిసి జట్టు కట్టారు. డ్రమ్ములు వాయించేవాడు పెళ్ళయ్యాక మామగారి టైర్ల కొట్లో కూర్చున్నాడు. ఇంకొకడు చెప్పాపెట్టకుండా మాయమయ్యాడు. ఒక హోటల్లో వాయించే పని దొరికితే, తినేవాళ్ళకి పొలమారుతోందని మేనేజరు శబ్దం తగ్గించమన్నాడు. తగ్గించాడు. ఇంకా తగ్గించమన్నాడు. తగ్గించి తగ్గించి, చివరికి ఆ మేనేజరు ఈయన్నే తగ్గించేశాడు. పగలు చక్రం వేళ్ళు కోసేది, సాయంత్రం ఆ కోతల మీదే తీగలు నొక్కుకోవాలి. గుడ్డపేలిక చుట్టుకుని మరీ వాయించాడు. మీరూ నేనూ అయితే ఎప్పుడో మానేసేవాళ్ళం.

జట్టులో చివరిదాకా అంటిపెట్టుకున్నవాడు పాటగాడొక్కడే. "నువ్వొక్కడివే ఇంట్లో వాయించి టేపు చేసివ్వరా, రికార్డుల కంపెనీవాళ్ళకి నేను వినిపిస్తాను" అన్నాడు. ఈయన ఒకే ఊపులో వాయించి, తనైనా ఒకసారి వినకుండా, ఆ టేపు పట్టుకెళ్ళి స్నేహితుడి చేతిలో పెట్టాడు. కంపెనీవాళ్ళు పెదవి విరిచారని కబురొచ్చింది. టేపు తిరిగి రాలేదు, ఈయనా అడగలేదు. ఆ తరవాత గిటారు ఇంటికే పరిమితమైంది. ఆసుపత్రిలో నర్సుగా చేసే అక్కా, ఈయనా, ఆ ఇంట్లో ఇద్దరే మనుషులు.

ఇప్పుడు ఏడుస్తున్న ఈ అమ్మాయి ఆ పాటగాడి కూతురే. స్నేహితుడు పోయిన సంగతి ఈయనకు తెలుసు. తెలియనిది మిగతాదంతా. ఆ మహానుభావుడు బతికున్నన్నాళ్ళూ కూతుర్ని బడికి దింపుతూ కారులో రోజూ అదే టేపు పెట్టేవాడట. అడిగినవాళ్ళకల్లా నకళ్ళు తీసి ఇచ్చాడట. అది చేతులు మారి మారి ఫోన్లలోకి ఎక్కిందట.

అమ్మాయి ఫోను తీసి వినిపించింది. తన చేతివాటం తనకు తెలియదూ? గుర్తుపట్టాడు. పాట ఊపందుకుంది, ఇంకా అందుకుంది, సరిగ్గా పైకెక్కబోయే చోట టక్కున ఆగిపోయింది. ఫోను పాడైందనుకుని ఆయన దాన్ని తట్టబోయాడు. అమ్మాయి చెయ్యి అడ్డుపెట్టి, "ఇదే బాబాయ్, ఇదే" అంది కళ్ళు మూసుకుని. కాసేపటికి పాట భళ్ళున మళ్ళీ వచ్చి పడింది.

"నాన్న పోయాక గిటారు ముట్టుకోలేదు నేను" అంది అమ్మాయి. "ఒకరోజు ఊరికే కారులో కూర్చుని ఇది పెట్టుకున్నా. ఇక్కడ ఆగిపోగానే, సరే, అంతా అయిపోయిందిలే అనుకున్నా. మళ్ళీ మొదలైంది. ఇంటికెళ్ళి గిటారు తీశాను. నేనొక్కదాన్నే కాదు బాబాయ్. ఉద్యోగం పోయిన ఒకాయన ఫోన్లో ఆ పాట కింద రాశాడు, బిడ్డ పోయిన ఒకావిడ రాసింది. అందరూ ఆ ఆగిన చోటు గురించే. మా జట్టు ఆదివారం ఆ పాట వాయిస్తోంది. మీరొచ్చి వాయించాలి. హాలు నిండిపోయింది, మీరొస్తున్నారని అందరికీ చెప్పేశాను."

చెప్పేసిందట! అడగకుండానే! ఇన్నేళ్ళకి ఓ హాలు నిండా జనం తన కోసం కూర్చుంటామంటున్నారు. వద్దనడానికి నోరు రాలేదు. ఆపిన గుర్తు మాత్రం ఎంత తన్నుకున్నా రాలేదు.

ఆ వారమంతా ఆయనకు బుర్ర బుర్రలో లేదు. అన్నం సయించేది కాదు, ఎందుకని అక్క అడిగితే మాట దాటేసేవాడు. ఎందుకు ఆపానబ్బా? తీగ తెగిందా? తుమ్మొచ్చిందా? ఎవరైనా తలుపు కొట్టారా? ఎవరిదో ఎడమకంటి అద్దాన్ని కుడికంటికి అరగదీసి యజమాని చేత చివాట్లు తిన్నాడు. ఇంటికొచ్చి గిటారు పట్టుకుంటే, ఆ చోటు రాగానే ఆపుదామనుకుంటాడు, చెయ్యి ఆగదు. పాదం తాళం ఆపేస్తుంది, చెయ్యి మాత్రం తన దారిన తను పోతుంది. బలవంతాన ఆపితే మళ్ళీ ఎక్కడ ఎత్తుకోవాలో తెలియదు. నా పాట నాకే పరాయిదైందేమిట్రా అని తల బాదుకున్నాడు.

శుక్రవారం అమ్మాయి జట్టుతో కలిసి వాయించి చూశారు. పిల్లలంతా ఆ చోట కత్తితో కోసినట్టు ఆగారు. ఈయనొక్కడూ గుయ్యిమని వాయించుకుంటూ పోయాడు. డ్రమ్ముల కుర్రాడు పాపం మర్యాదగానే, "సార్, మీరు ఆపాలి కదా అక్కడ?" అన్నాడు. రెండోసారీ అంతే. మూడోసారి ఆపాడు, తిరిగి ఎత్తుకోలేకపోయాడు. పిల్లలు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఆయనకు ఒళ్ళు చచ్చిపోయినంత సిగ్గేసింది.

ఆదివారం పొద్దున్నే ఫోను చేసి రానని చెప్పేశాడు. అమ్మాయి పరుగున ఇంటికొచ్చింది.

"నా వల్ల కాదమ్మా. అది నేను చేసింది కాదేమో. మీరంతా దేన్ని చూసి లేచి నిలబడ్డారో అది నాలో లేదు. నలుగురి ముందూ దొంగలా నిలబడలేను."

"మీరు కాకపోతే ఇంకెవరు బాబాయ్? ఇది మీ చెయ్యి కాదూ?" అమ్మాయి కోపంతో ఫోను బల్ల మీద పెట్టి పాట మోగించింది.

వంటింట్లోంచి అక్క కప్పులతో వచ్చింది. తమ్ముడి టేపు ఆవిడా ఎన్నడూ విన్నది కాదు. పాట ఆగిన చోట ఆవిడా ఆగింది. మళ్ళీ మొదలవగానే పకపకా నవ్వింది.

"ఇంతోటిదానికా వారంనించీ అన్నం మానేశావు? అది నా ఇస్త్రీపెట్టె కదరా!"

"ఏమిటీ?"

"ఆ పాత ఇంట్లో నేను ఇస్త్రీపెట్టె పెడితే కరెంటు చాలక నీ స్పీకరు పెట్టె ఆరిపోయేది, మర్చిపోయావా? ఆ రోజు డ్యూటీకి టైమైపోతోంది, బట్టలు ఇస్త్రీ చేద్దామని ప్లగ్గు పెట్టాను. నీ శబ్దం ఆగిపోయింది. అయ్యయ్యో, వీడు టేపు చేసుకుంటున్నాడు కదా అని మళ్ళీ పీకేశాను. టేపురికార్డరు బ్యాటరీల మీద తిరుగుతోంది, దానికేం కాలేదు."

ఆయన కుర్చీలో కూలబడ్డాడు. "విన్నావా అమ్మా? మీరంతా దండం పెట్టింది మా అక్క ఇస్త్రీపెట్టెకి."

అమ్మాయి మొహం పాలిపోయింది. ఫోను చేతిలోకి తీసుకుని దానికేసే చూస్తోంది. ఉద్యోగం పోయినాయనకీ, బిడ్డ పోయినావిడకీ ఇప్పుడు ఏమని చెప్పాలి అని ఆలోచిస్తోంది కాబోలు అనుకున్నాడాయన. పాట పోతే పోయింది, ఈ పిల్ల మళ్ళీ గిటారు మూల పెడితే?

"అత్తయ్యా," అంది అమ్మాయి ఉన్నట్టుండి, "శబ్దం పోయినప్పుడు బాబాయ్ ఏం చేశారు?"

"ఏం చేశాడా? నేను తలుపు సందులోంచి తొంగిచూశాను, తిడతాడేమోనని. కళ్ళు మూసుకుని వాయిస్తూనే ఉన్నాడు. శబ్దం లేదని కూడా తెలియలేదు మనిషికి. జాలేసింది నాకు."

అమ్మాయి గబగబా పాట వెనక్కి తిప్పింది. ఒకసారి వింది, ఇంకోసారి వింది. "అందుకా! ఆగిన చోటునుంచి మొదలవదు ఇది. చాలా ముందుకెళ్ళిపోయి మొదలవుతుంది. మేమేమో ఆపేసి, అక్కడినుంచి ఇక్కడికి దూకేవాళ్ళం. ఎందుకు దూకుతున్నామో తెలియకుండా." ఆయన వైపు తిరిగింది. "మధ్యలో ఉన్నది వాయించండి బాబాయ్. టేపులో ఎవరూ వినలేదు దాన్ని."

గిటారు ఏ పెట్టెకీ తగిలించకుండానే వాయించాడు. సన్నటి తీగల చప్పుడు, అంతే. అమ్మాయి ఆయన వేళ్ళకేసి కళ్ళార్పకుండా చూసింది. ఆమె ఏం ఆలోచిస్తోందో ఆయనకు అంతుపట్టలేదు. ఇంకోసారి వాయించమంది, ఆ తరవాత, "పదండి, టైమవుతోంది" అంది.

ఎలా వెళ్ళాడో తెలియదు, వెళ్ళాడు. హాలు నిండా జనం. వీళ్ళకి ఇస్త్రీపెట్టె సంగతి చెప్పాలా వద్దా అన్నది ఇంకా తేలలేదు. అమ్మాయి శబ్దం చూసుకునే అబ్బాయితో ఏదో గుసగుసలాడి వచ్చి తన గిటారుతో పక్కన నిలబడింది. పాట మొదలైంది. ఊపందుకుంది. ఆ చోటు వచ్చింది. ఆయన స్పీకరు పెట్టె ఆరిపోయింది, మిగతా వాయిద్యాలు ఆగాయి. ఆయన చెయ్యి ఆగలేదు.

మొదట జనం పాట మళ్ళీ ఎప్పుడొస్తుందా అని చూశారు. ఆ తరవాత ఆ వేళ్ళు కదులుతున్నాయని ఎవరో చూశారు. ముందు వరసవాళ్ళు ఇంకా ముందుకు వంగారు, ఆ సన్నటి చప్పుడు చెవిన పడుతుందేమోనని. ఆయనకు ఏడుపొచ్చింది. హోటలూ, ఖాళీ చేయించిన ఇళ్ళూ, గుడ్డపేలికలూ, అన్నేళ్ళూ తను వాయించింది ఇదేనా? దీన్ని పట్టుకునా వీళ్ళంతా లేచి నిలబడింది? తెలియదు. ఎంత ఆలోచించినా ఆయనకు తెలియదు.

ఎందుకో పక్కకి చూశాడు. అమ్మాయి గిటారు కూడా మూగబోయే ఉంది. ఆ పిల్ల మాత్రం కళ్ళు మూసుకుని వాయిస్తూనే ఉంది.