గిన్నెలో రేడియో

ఆ వీధిలో అందరూ ఆయన్ని అతుకులాయన అంటారు. పుట్టి బుద్ధెరిగాక ఆయన ఒక్క కొత్త వస్తువు కొన్న పాపాన పోలేదు. చెప్పు తెగితే కుట్టుకుంటాడు, కుర్చీ కాలు విరిగితే కట్టు కడతాడు, గొడుగు చిల్లులు పడితే ఇక ఎండకి మాత్రమే వాడతాడు. కొత్తది కొనుక్కోవచ్చుగా అని ఎవరైనా అంటే, "కొనడానికేముందండీ, ఏమీ చేతకానివాడు కూడా కొంటాడు!" అంటాడు. ఆ మాట వినీ వినీ భార్యకి చెవులు చిల్లులు పడ్డాయి.

ఆవిడే ఓ రోజు నోరు జారింది.

"అమ్మకో రేడియో కొంటే బావుణ్ణండీ. ఇంటర్నెట్‌లో ఎక్కడెక్కడి స్టేషన్లూ వస్తున్నాయిట."

కొనడం అన్న మాటకి ఆయనకి పూనకం వచ్చింది. "కొంటావా? వైఫై ఉంది. అద్దం పగిలిన నీ పాత ఫోనుంది. మా ఆఫీసులో పారేసిన వైర్లెస్ స్పీకరు తెచ్చి పెట్టాను. ఇంకేం కావాలి?"

"మోగే రేడియో కావాలి."

సాయంత్రానికల్లా మోగించాడు. ఫోనుని వసారాలో చార్జరు పక్కన మేకుకి వేలాడదీశాడు, ఎందుకంటే తీగ పీకితే దానికి ప్రాణం పోతుంది. స్పీకరు హాల్లో అత్తగారి మంచం పక్కన పెట్టాడు. పాట వచ్చింది కానీ దోమ పాడినట్టుంది. ఆయన తల గోక్కుంటూ వంటింట్లోకి వెళ్లొచ్చాడు.

కాసేపటికి భార్య వంటింట్లోంచి కేకేసింది. "నా పెద్ద గిన్నె ఏదండీ?"

"పాడుతోంది."

ఆవిడ పరుగున వచ్చి చూసింది. గిన్నెలో స్పీకరు కూర్చుని గంభీరంగా వార్తలు చదువుతోంది.

"మరి నేను వంట దేంట్లో చెయ్యను?"

"చిన్నదాంట్లో రెండుసార్లు చెయ్యి."

అత్తగారి సంగతి చెప్పాలి. ఆవిడ ఉద్యోగమంతా లైబ్రరీలోనే చేసింది. రేడియోలో క్విజ్ వస్తే అడిగేవాడు ప్రశ్న పూర్తి చేసేలోపే జవాబు చెప్పేది. పక్షవాతం వచ్చాక తెలివి తెలివిలాగే ఉంది కానీ, మాట నోటిదాకా రావడానికి ఆలస్యమవుతోంది. మాట్లాడిస్తూ ఉండండి, లేకపోతే ఉన్న మాటా పోతుందన్నాడు డాక్టరు. కూతురికి తొందరెక్కువ. తల్లి "మం..." అనగానే "మంచినీళ్లా? మందా?" అని తనే ముగించేసేది. రేడియో అంతకన్నా తొందరమనిషి. పెద్దావిడ నోరు తెరిచేసరికి గంట కొట్టి జవాబు చెప్పేసేది. రెండు రోజులు చూసి ఆవిడ గోడవైపు తిరిగి పడుకుంది. ఆ పూటంతా పెదవి విప్పలేదు.

మర్నాటినుంచి రేడియోకి తెగులు పట్టుకుంది. ప్రశ్న అడగ్గానే ఆగిపోవడం! అతుకులాయన వసారాలోంచి "నెట్ స్లో!" అని అరుస్తాడు. భార్య వంటింట్లోంచి ఆయన్నీ, ఆయన అతుకుల్నీ కలిపి కడిగేస్తుంది. ఈలోగా మంచం మీంచి నెమ్మదిగా వినిపిస్తుంది.

"ఆ... ఆక్... ఆక్టో... పస్."

వెంటనే రేడియోకి ప్రాణం లేచొస్తుంది. "మూడు గుండెలున్న ఆ జీవి, ఆక్టోపస్!" పెద్దావిడ మూతి ఓ పక్కకే నవ్వేది కానీ, ఆ నవ్వు ఇల్లంతా కనిపించేది.

భార్య ఊరుకుంటుందా? నెట్ కనెక్షన్ మనిషిని పిలిపించింది. అతను చూసి, "మీ నెట్‌కేమండీ, గుర్రంలా పరిగెడుతోంది. ఇంత స్పీడు మా ఇంట్లోనే లేదు" అని వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం ప్రశ్న రాగానే రేడియో ఆగింది. భార్య అడుగులో అడుగేసుకుంటూ వసారాలోకి వెళ్లింది. అతుకులాయన పగిలిన ఫోను మీద బొటనవేలు పెట్టి, చెవి తలుపుకి ఆనించి నిలబడి ఉన్నాడు.

"మీరా ఆపేది!"

"ష్... మాట నోటిదాకా వచ్చింది, రానీ."

అమ్మ మాటల్ని ఇన్నాళ్లూ ప్రేమకొద్దీ తనే లాగేసుకుంటోందని ఆవిడకి అప్పుడు తెలిసింది. సిగ్గేసింది. ఈ అతుకుల మనిషి మీద ఎక్కడలేని ప్రేమా పుట్టుకొచ్చింది.

"మరి ఇన్ని తిట్లు తిడుతుంటే చెప్పరేం?"

"నువ్వు తిడితేనే అత్తయ్యగారు నమ్ముతారు. తిట్టు, తిట్టు, ఆలస్యమవుతోంది."

ఆవిడ కళ్లొత్తుకుని గొంతెత్తింది. "ఈ డొక్కు రేడియో మళ్లీ చచ్చింది! ఈ ఇంట్లో ఒక్కటి తిన్నగా ఏడ్చి చస్తేనా!"

హాల్లో చప్పుడు లేదు. ప్రశ్న గట్టిదే. ఎంతసేపు చూసినా జవాబు రాదు. పాపం, అత్తగారిని కష్టపెడుతున్నానేమోనని ఆయన మనసు కరిగిపోయి ఫోను నొక్కి రేడియోని వదిలాడు. రేడియో గొంతు సవరించుకుందో లేదో, లోపల్నించి కేక వినిపించింది.

"అల్లుడుగారూ! తొందర... పడకండి. ఇది... కష్టం... ప్రశ్న. ఇంకాస్సేపు... ఆపి... ఉంచండి!"

జబ్బు చేశాక ఆవిడ ఒక్క బిగిని అన్ని మాటలనడం అదే మొదలు. వసారాలో మొగుడూ పెళ్లాం ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఆయన గబుక్కున ఫోను నొక్కాడు. రేడియో నోరు మూసుకుంది. పెద్దావిడ నింపాదిగా ఆలోచించుకుంది.