ముడి వేయలేని వేళ్లు

అది 2018 జూలై పన్నెండు. సిరిసిల్ల మీద ముసురు విడవకుండా కురుస్తోంది. మరమగ్గాల హోరులో చెవులు మందగిస్తాయని లోకం అంటుంది గాని, లక్ష్మీరాజం చెవి అందుకు మినహాయింపు. పోగు తెగితే చూడకుండానే పసిగట్టి, సాంచె అని పిలిచే ఆ మరమగ్గాన్ని ఆపి, రెప్పపాటులో ముడి వేసేవాడు. తెగినదాన్ని తక్షణం సరిచేయాలన్నదే అతడెరిగిన ధర్మం. అందుకే, క్లోమంలోని క్యాన్సర్ గడ్డను కోయవచ్చు గాని, ముందు కీమో మందులతో, ఆపైన జనం ‘కరెంటు పెట్టడం’ అని పిలిచే రేడియేషన్‌తో దాన్ని కుదించాలని డాక్టరు విద్యాధర్ చెప్పిననాడు అతనికి మింగుడుపడలేదు. "గడ్డ దొరికినంక కోయక ఎదురుచూసుడేంది సారూ?" అన్నాడు. చివరకు ఒప్పుకొని ఎక్కించుకున్న ఆ కీమో మందు గడ్డతోపాటు వేలికొసల స్పర్శనూ తినసాగింది. ఈ ముసురు పూట పోగు తెగింది. సాంచె ఆపి వంగాడు. పట్టుకున్నాననుకున్న పోగు వేళ్ల మధ్య లేదు. మళ్లీ పట్టాడు, మళ్లీ జారింది.

"గీ మందు బంద్ జేస్తనే. చేతులు పోయినంక బతికేం జేస్త?"

భార్య కమలవ్వ నూలు కండెల గంప దించి, వచ్చి ముడి వేసింది. "ముడంటె నేనేస్త. నీ సూదులు గూడ నేనే పొడిపిచ్చుకుంటనంటె డాక్టర్ ఇనడాయె. నడువ్, దవఖానకు పోయే బస్సుకు యాళ్లయింది."

అతడు వెళ్లాడు. మందులు, కరెంటు, చివరకు కోత, అన్నీ అయ్యాయి.

ఆరేళ్ల తరువాత విద్యాధర్‌కు అతడు రాయించిన ఉత్తరం వచ్చింది: "సారూ, గడ్డ మళ్ల రాలే. వేళ్లకు సోయి గూడ రాలే. పోగు తెగిన సప్పుడు ఇప్పటికీ నాకే ముందుగాల ఇనవడ్తది. సాంచె ఆపుత. కమల వచ్చేదాంక గా పోగు దిక్కు చూస్కుంట నిలవడ్త."