లిఫ్టు మెకానిక్ మూడో ఎపిసోడ్

ఇరవై ఆరేళ్లుగా లిఫ్టులు బాగుచేస్తున్న మనిషి ఆయన. పన్నెండంతస్తుల గోతి మీద నిలబడి ఇనుప తాళ్లకు గ్రీజు పూసినప్పుడు కూడా చెమట పట్టలేదు. అలాంటివాడికి ఆ ఆదివారం మధ్యాహ్నం ఫోన్లో ‘పబ్లిష్’ అన్న బటన్ చూడగానే వేలు ముందుకు కదలలేదు.

"నొక్కండి మావయ్యా, కరవదు" అంది కోడలు.

పాడ్‌కాస్ట్ ఆలోచన ఆమెదే. అన్నం తింటూ ఆయన చెప్పే పని ముచ్చట్లు విని, "కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్లకు పనికొస్తాయి" అని పట్టుబట్టింది. గది మార్మోగకుండా బీరువా తెరిచి, బట్టల మధ్య తల పెట్టి మాట్లాడమంది. ఆ అవతారం చూసి ఆయన భార్య పొట్ట పట్టుకుని నవ్వింది.

మొదటి రెండు ఎపిసోడ్లూ తలుపుల గురించి, తాళ్ల గురించి. ఏడుగురు విన్నారు. మూడోది అలాంటిది కాదు. ఒక భవనంలో లిఫ్టు ఆగేటప్పుడు కీచుమంటోందని, బ్రేకు అరిగిపోయిందని తాను మూడుసార్లు రాసిచ్చినా, "ఇంకో ఆర్నెల్లు నెట్టుకురావచ్చులే" అని సూపర్‌వైజరు కాగితం పక్కన పడేసిన సంగతి అందులో చెప్పాడు. పేర్లు చెప్పలేదు. కానీ గొంతు తనదే కదా!

కళ్లు మూసుకుని నొక్కాడు.

సోమవారం పొద్దున వర్క్‌షాపుకు వెళ్లేసరికి సూపర్‌వైజరు గాజుగదిలో చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని కూర్చున్నాడు. అది చూసిన మెకానిక్ చేతిలోంచి పానా రెండుసార్లు జారింది. పక్కకు పోయి కోడలికి ఫోన్ చేశాడు.

"తీసెయ్యమ్మా. నీకు దణ్ణం పెడతాను."

"తీసేశాను మావయ్యా. కానీ అప్పటికే నలభై ముగ్గురు డౌన్‌లోడ్ చేసుకున్నారు. వాళ్ల ఫోన్లలోంచి తియ్యడం నా వల్ల కాదు."

ఆయన ఆ రోజంతా ఎవరు పిలిచినా ఉలిక్కిపడ్డాడు.

సాయంత్రం కోడలు ఒక సందేశం చదివి వినిపించింది. ఎవరో తల్లి రాసింది: "మా లిఫ్టు ఆగేటప్పుడు మీరు చెప్పిన కీచుమనే చప్పుడే వస్తోంది. మా పాప అందులోనే బడికి వెళ్తుంది. మళ్లీ వినబోతే ఎపిసోడ్ కనబడటం లేదు. ఏం చెయ్యమంటారు?"

ఆయన ఆ సందేశం మళ్లీ చదివించుకున్నాడు.

"లిఫ్టు వెంటనే ఆపించి, బ్రేకు చూపించమని రాయి" అన్నాడు చివరికి. "ఆ ఎపిసోడ్ కూడా మళ్లీ పెట్టెయ్యి."

"ఉద్యోగం?"

"భయంగానే ఉంది. పెట్టెయ్యమ్మా."

గురువారం సూపర్‌వైజరు గాజుగదిలోకి పిలిచి, ఫోను బల్ల మీద పెట్టి ఎపిసోడ్ వినిపించాడు.

"ఏంటయ్యా, ఈ గొంతు నీదేనా?"

కాదనడానికి ఒక్క మాట చాలు. ఆ మాట నాలుక దాకా వచ్చింది కూడా.

"నాదేనండి" అన్నాడు, తనకే వినపడనంత మెల్లగా.

ఉద్యోగం పోలేదు గానీ, మర్నాటి నుంచి సామాన్ల గదిలో కూర్చోబెట్టారు. తలుపు చప్పుడైనప్పుడల్లా ఉద్యోగంలోంచి తీసేసే కాగితం వచ్చిందేమోనని ఇప్పటికీ బిక్కుబిక్కుమంటూనే ఉంటాడు. వారం తర్వాత తోటి మెకానిక్ ఒకడు చీటీ తెచ్చాడు: కొత్త బ్రేకు పట్టీలు ఒక జత. కింద రాసిన చిరునామా ఎపిసోడ్‌లో తాను చెప్పిన ఆ భవనానిదే. ఆయన చీటీ రెండుసార్లు చదువుకుని, పట్టీలు తీసి ఇచ్చాడు.