మహాకావ్యానికి వేసిన అట్ట

మొన్న బెంజ్ సర్కిల్ దగ్గర పుస్తకాల షాపులో ఒక అమ్మాయి నా చేతిలో అచ్చు కాగితం పెట్టింది. తెలుగువాళ్లు తప్పక చదవాల్సిన వంద పుస్తకాలట. లెక్క తేలందే నాకు తోచదు కాబట్టి అక్కడే స్టూలు మీద కూర్చుని టిక్కులు పెట్టాను. ముప్పై ఎనిమిది చదివాను, పదకొండు సగంలో వదిలేశాను, మిగతావి ముట్టుకోలేదు. "పర్లేదు మామ్మగారూ, ఆ మిగతావన్నీ డిస్కౌంటులో ఉన్నాయి" అంది ఆ అమ్మాయి. మా మామయ్య ప్రాణంగా చూసుకున్న కావ్యం అందులో లేదు. మా అత్తయ్య ప్రాణంగా చూసుకున్న రచయిత్రి కూడా లేదు. ఒకరు నిలుస్తారని, ఒకరు నిలవరని ఆ ఇంట్లో ఎంత వాదన జరిగింది! తీరా చూస్తే ఇద్దరూ కలిసే బయట నిలబడ్డారు.

డెబ్బైల నడుమ నేను డిగ్రీ చదివింది గుణదలలో, మేనత్త ఇంట్లో ఉండి. మామయ్య తెలుగు లెక్చరర్. ముందుగదిలో ఆయన అద్దాల బీరువా, అందులో మహాగ్రంథాలు. వంటింటి అటక మీద అత్తయ్య బైండింగులు. వారపత్రికలో సీరియల్ ఎప్పుడూ నడిమి కాగితం మీద వచ్చేది. పిన్ను విప్పి ఆ కాగితం తీసి, సీరియల్ పూర్తయ్యాక అన్నీ వరసగా పెట్టి, దబ్బనంతో కుట్టి, మైదా జిగురుతో పాత క్యాలెండర్ అట్ట అంటించేది. వీధిలో ఆడవాళ్లంతా వాటినే చదివేవారు. పసుపు మరకలు, ఆవకాయ నూనె వేలిముద్రలు, ఒకదాంట్లో ఎవరి పిల్లాడిదో పాలపన్ను కూడా దొరికింది. మామయ్య వాటిని పుస్తకాలనేవారు కాదు, "మీ అత్త పచ్చళ్లు" అనేవారు. "పదేళ్ల తర్వాత ఈవిడ పేరు ఎవరికైనా గుర్తుంటుందా?" అంటే, "పదేళ్ల సంగతి నాకెందుకండీ, వచ్చే వారం ఏమవుతుందో చెప్పండి చాలు" అనేది అత్తయ్య.

నాన్న నా చదువు బాధ్యత మామయ్యకు అప్పగించి పొలం చూసుకునేవాడు. డిగ్రీ అయ్యాక నేను తెలుగు ఎం.ఏ. చేసి, ఆయన బీరువాలోవి ఆయన చెప్పిన వరసలో చదివి, లెక్చరర్‌ని కావాలని మామయ్య తీర్మానం. నేను ఆ వరసలో రెండో పుస్తకం దగ్గరే ఆగిపోయాను. చదవలేకపోవడం నా బుద్ధి తక్కువేమో అనుకుని అసలు పుస్తకమే పట్టుకోని రోజులున్నాయి. ఇంతలో మైలవరంలో ఒక బ్యాంకులో గుమాస్తా ఉద్యోగానికి ఆర్డరు వచ్చింది. లెక్కల పని. సోమవారం చేరాలి. నాకు వెళ్లాలని ఉంది. మామయ్యకు చెప్పే నోరు మాత్రం లేదు.

అప్పుడు నడుస్తున్న సీరియల్లో పిల్లకూ అదే ఇబ్బంది. ఊరు కాని ఊళ్లో ఉద్యోగం, గుమ్మంలో అడ్డంగా తండ్రి. ఆమె ఏం చెబుతుందో చూసి నేనూ అలాగే చెబుదామని నా ఆశ. సరిగ్గా ఆ వారమే అత్తయ్యా నేనూ గుడివాడలో పెళ్లికి వెళ్లాం. తిరిగొచ్చేసరికి పత్రిక ఉంది గానీ నడిమి కాగితం లేదు. కొట్లో అడిగితే ఒక్క కాపీ మిగల్లేదన్నారు. సాయంత్రం మామయ్య పడక్కుర్చీలో కావ్యం చదువుకుంటుంటే అత్తయ్య నా మోచెయ్యి గిల్లింది. కావ్యానికి ఆయన వేసుకున్న కొత్త అట్ట. అట్ట మీద మన సీరియల్.

నాలుగు పేజీల్లో రెండు బయటికి, రెండు లోపలికి పోయాయి. బయటి రెంటిలోనూ అంచులు మడతలో ఉన్నాయి. "అడిగి విప్పించెయ్యి అత్తయ్యా" అన్నాను. "అడిగితే మూడు రోజులు ఉపన్యాసం. నువ్వు భరిస్తావా?" అంది. కాబట్టి ఆయన చదువుతుంటే మేం ఎదురుగా కూర్చుని బియ్యం ఏరుతూ అట్ట చదివాం. వార్త వీధిలో పాకింది. పక్కింటి నర్సమ్మగారు ఆదివారం కొండ దగ్గర చర్చిలో పూజకు వెళ్లొచ్చి, తెల్లచీర మార్చకుండానే, "మాష్టారూ, ఆ పుస్తకం ఓసారి ఇస్తారా, ఇక్కడే వరండాలో చూసి ఇచ్చేస్తాను" అన్నారు. మామయ్య మొహం వెలిగిపోయింది. "చూశావుటే! మంచిదానికి ఎప్పటికైనా పాఠకులు వస్తారు" అన్నారు అత్తయ్యతో.

కాసేపయ్యాక ఆయన ఉత్సాహం పట్టలేక వరండాలోకి వెళ్లి, "ఎందాకా వచ్చారండీ?" అని అడిగారు.

"అదేనండీ, వాళ్ల నాన్న గొడుగు అడ్డం పెట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడా, అక్కడే ఆగిపోయింది."

"గొడుగా? ఇందులో గొడుగెక్కడిదండీ?"

నర్సమ్మగారు నాలుక కరుచుకున్నారు. మామయ్య పుస్తకం తీసుకుని, మొదటిసారి దాని అట్ట మీద ఏముందో చూశారు. లోపలికి వెళ్లి తలుపేసుకున్నారు. "చించేస్తున్నారు కాబోలు" అంది అత్తయ్య. మర్నాడే సోమవారం.

చాలాసేపటికి తలుపు తెరిచారు. చేతిలో కాగితం, మడతలు సాపుగా ఉన్నాయి. "నిఘంటువు కింద పెట్టాను" అన్నారు. "ఆ గొడుగాయన మరీ మొండిఘటం. అసలు వాడికి కోపం ఎందుకొచ్చింది? దీనికి ముందువి ఏవీ?" అత్తయ్య అటక వైపు నడిచింది.

నేను గబగబా నాలుగో పేజీ చదివాను. పెద్ద మాటలుంటాయనుకున్నాను. లేవు. ఆ పిల్ల తండ్రి కళ్లలోకి చూసి "నాకు వెళ్లాలని ఉంది నాన్నా" అంటుంది, అంతే. కాగితం మడిచి మామయ్య ముందు నిలబడ్డాను.

"నాకు మైలవరం వెళ్లాలని ఉంది మామయ్యా."

ఆయన కళ్లజోడు తీశారు. "ఈ మాట ఇప్పుడే చదివానే."

"అవును మామయ్యా. కానీ ఇప్పుడన్నది నేను."

"మరి ఎం.ఏ.?"

"నాకు లెక్కలే ఇష్టం."

ఆయన కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నారు. "బస్సులో కిటికీ పక్కన కూర్చోకు, దుమ్ము" అన్నారు చివరికి. కావ్యం ఆ రాత్రి అట్ట లేకుండానే బీరువాలోకి వెళ్లింది.

రిటైరయ్యేదాకా ఆ బ్యాంకులోనే పనిచేశాను. ఆ సీరియల్ పుస్తకంగా రాలేదు, రచయిత్రి పేరు చెబితే ఇవాళ ఎవరికీ తెలియదు. మామయ్య ఆవిడను గొప్ప రచయిత్రి అని ఎన్నడూ ఒప్పుకోలేదు గానీ, ప్రతి వారం "వచ్చిందా?" అని అడిగేవారు. ఆయన పోయాక, యాభై దాటిన వయసులో, ఎవరూ చెప్పకుండానే ఆ కావ్యం తీశాను. ఈసారి ఆగలేదు. కొన్నిచోట్ల చదవడం ఆపి, వినిపించడానికి ఆయన కోసం చూశాను. ఏ పుస్తకం నిలుస్తుందో తేల్చడానికి కాలానికి బోలెడంత తీరిక ఉంది. మనకున్నది కొన్ని సాయంత్రాలు, వాటిలోకి ఎవరిని పిలుచుకోవాలో మాత్రం మన ఇష్టం.