కొసరు పోయని చెయ్యి

పత్తర్‌గట్టి వెనక గల్లీల్లో ఏ దుకాణం మెట్టెక్కినా నేను తల వంచి అడిగింది లేదు. మా అనాథాశ్రమంలో కుట్టుపని నేర్పే పంతులమ్మను నేను. పద్దెనిమిదేళ్లు నిండిన ఆడపిల్లలకు పని వెతికిపెట్టే బాధ్యత కూడా నా మీదే పెట్టారు. "దయచేసి పని ఇప్పించండి" అనే మాట నాకు చేతకాదు. మా పిల్ల వస్తే మీ దుకాణమే బాగుపడుతుంది, ఆలోచించుకోండి అనేదాన్ని. నా నోటికి జడిసి ఒప్పుకున్నవాళ్లూ ఉన్నారు. సిగ్గేం లేదు, ఉన్నమాటే చెబుతున్నాను.

ఒక పిల్లను మాత్రం నా నోరు చూసి కాదు, ఆమె చెయ్యి చూసి తీసుకున్నారు. యుద్ధం నడుస్తున్న రోజులు, బియ్యానికి కరువు. ఆశ్రమంలో అరవై మందికి మూడేళ్లుగా గరిటె పట్టింది ఆమే. మొదటి పళ్లెంలో ఎంతో చివరి పళ్లెంలోనూ అంతే. పాల దుకాణం నడిపే ముసలామెకు ఇదే గొప్పగా చెప్పాను. పెరట్లో ఆరు బర్రెలు, ముందు గదిలో అమ్మకం. చేతులకు వణుకు పట్టి ఆమె కొలత పోయలేకపోతోంది. నెల రోజులు చూస్తానంది, తన గదిలోనే పిల్లకు పడక చోటిచ్చింది. ఆశ్రమంలో ఆ పిల్ల మంచం మీద అప్పటికే ఇంకో పిల్ల పడుకుంటోంది. ఇక్కడ కుదరకపోతే ఆమె తిరిగి వెళ్లడానికి ఇంకో గడప లేదు.

ఎనిమిదో రోజు పొద్దున్నే ముసలామె కబురు పంపింది. వెళ్లేసరికి దుకాణం ముందు ఒకటే లొల్లి. ఒక పెద్దావిడ చెంబు ఊపుతూ కొసరేదని నిలదీస్తోంది. పావుసేరు కొలిచాక పైన మరో నాలుగు చుక్కలు పోయడం మా దగ్గర పాలమ్మేవాళ్ల మర్యాద. అది లేకపోతే కొన్నవాళ్లకు కొన్నట్టే ఉండదు. మా పిల్ల కొలత నిండా ముంచి, చెంబులో వంచి, చెయ్యి వెనక్కి తీసుకుంటోంది. అంతే.

ముసలామె నన్ను పక్కకు పిలిచింది. మూడుసార్లు చెప్పిందట, మూడుసార్లూ పిల్ల బుద్ధిగా తల ఊపిందట, మళ్లీ అదే కథ. నాలుగిళ్లవాళ్లు అప్పుడే వేరే దుకాణం పట్టారట.

"చెయ్యి మంచిదే పంతులమ్మా. గాని మనసు గట్టిది. రేపటి సంది వద్దు, తోల్కపో."

నాకు ఒళ్లు మండిపోయింది. అందరి ముందూ పిల్ల మీద విరుచుకుపడ్డాను. నాలుగు చుక్కలకు నీ అబ్బ సొమ్మేం పోయిందే, నా పరువు తీయడానికే దాపురించావా అని నోటికొచ్చినట్టల్లా అన్నాను. ఆమె ఏడవలేదు. కొలత గిన్నె రెండు చేతులా పట్టుకుని మెల్లగా అంది.

"ముందటోళ్లకు ఎక్కువ పోస్తె ఆఖరోళ్లకు ఉండదని మీరే అన్నరు గద, పంతులమ్మా."

నిజమే, ఆ మాట నేనే అన్నాను. రెండేళ్ల కింద ఒక చంటిది ఇంకాస్త పెట్టమని ఏడిస్తే ఈమె అర గరిటె ఎక్కువ వేసింది. అలా ఇంకో ఇద్దరికీ వేసింది. ఆ పూట వరుసలో చివరి పిల్లకు గంజే మిగిలింది. నేను ఈమె చేతిలోంచి గరిటె లాక్కుని, ముందువాళ్లకు ఎక్కువ వేస్తే చివరివాళ్లకు ఉండదు, దాని నోటికాడి కూడు తీశావు కదే అన్నాను. ఆ తర్వాత ఆ చెయ్యి ఎప్పుడూ తప్పలేదు. దాన్నే నేను ఈ ముసలామె ముందు ఎంత గొప్పగా చెప్పుకున్నానో! సిగ్గుతో చచ్చిపోయాను.

కానీ సిగ్గుపడుతూ కూర్చునే మనిషిని కాదు. ఈ ఒక్క పూట ఆగమని ముసలామెకు చెప్పి, ఆమె వంటింట్లోంచే ఒక చెంబు అడిగి తీసుకుని, వరుసలో అందరికంటే వెనక నిలబడ్డాను.

"అందరికి కొసరు పొయ్. ఆఖరుకు నేనున్న. తక్కువైతే నాకే అయితది."

పోసింది. మొదటి చెంబుకు పోసిన కొసరులో సగం కిందే పడింది. ప్రతి కొసరుకూ ముందు తలెత్తి నా వైపు చూడడం, నేను గుడ్లురమడం, అప్పుడు పోయడం. ఆ పెద్దావిడైతే కొసరు మీద కొసరు పోయించుకుని మరీ పోయింది, మహాతల్లి.

నా వంతు వచ్చేసరికి బిందె పూర్తిగా వంచినా గుక్కెడు పాలు రాలేదు. మళ్లీ బర్రెలను పితికేది సాయంత్రమే. పిల్ల ముఖం తెల్లబోయింది. తిట్టు పడుతుందని కళ్లు గట్టిగా మూసుకుంది. నేను నా ఖాళీ చెంబును బోర్లించి చూపించాను.

"అయిపోయినయి. అయితే ఏంది? ఇయ్యాల నాకు చాయ్ లేదు, గంతే. ఆనాడు నిన్ను తిట్టుడు నాదే తప్పు బిడ్డా."

అరుగు మీద కూర్చున్న ముసలామె అంతా చూస్తూనే ఉంది. లేచి వచ్చి ఖాళీ బిందెను పిల్ల ముందుకు జరిపి, సాయంత్రం పాలకు కడిగి పెట్టమంది. తోల్కపొమ్మన్న మాట మళ్లీ ఎత్తలేదు.

నేను మెట్లు దిగుతుంటే పిల్ల వెనక నుంచి పిలిచింది.

"రేపు ముందల నిలబడున్రి, పంతులమ్మా."

ఆ నెలంతా నేను ఆఖరునే నిలబడ్డాను.