గురువుగారి రబ్బరు ముద్ర

మూతలాయన అంటే ఆ ఫ్యాక్టరీలో తెలియనివాళ్ళు లేరు. గాలినో ఆవిరినో బిగించి దాచే ఇనుప ట్యాంకులకు రెండు చివరలా ఉబ్బెత్తు మూతలుంటాయి కదా, పాతికేళ్ళుగా ఆయన గీసేవి అవే. మొదట కాగితం మీద, తర్వాత కంప్యూటర్లో. "లోకమంతా కుండలు చేసుకుంటుంటే మా ఆయన మూతలు చేస్తాడు" అని భార్య ఎగతాళి చేసేది. ఆయనా నవ్వేవాడు.

అలాంటి మనిషి నెల రోజులుగా తలుపు చప్పుడైతే చాలు, ఉలిక్కిపడుతున్నాడు. ఆయన చెవిలో ఒక రబ్బరు ముద్ర పడుతోంది. టప్ మని, ఆగి, మళ్ళీ టప్ మని.

ఆ ముద్ర గురువుగారిది. గీత గీయడం నేర్పిన ముసలాయన. చదునైన రేకును మూతలా వంచితే అది సాగుతుంది, సాగిన చోట పల్చబడుతుంది. అన్నిటికన్నా ఎక్కువగా మలుపు దగ్గర. అందుకని డ్రాయింగులో పది మిల్లీమీటర్లు అని ఊరికే రాస్తే చాలదు, "ఇది వంచిన తర్వాత ఉండాల్సిన మందం" అని కూడా రాయాలి. అప్పుడే వర్క్‌షాపువాళ్ళు ఇంకాస్త మందం రేకు తీసుకుంటారు. గురువుగారు ఆ వాక్యాన్ని రబ్బరు ముద్రగా చేయించుకుని, ప్రతి మూత డ్రాయింగు మీదా తన చేత్తో గుద్ది, ఆ తర్వాతే సంతకం పెట్టేవారు.

పన్నెండేళ్ళ కిందట ఆఫీసుకు కంప్యూటర్లొచ్చాయి. మూతలాయన మొట్టమొదటి డ్రాయింగు ప్రింటు తీసి గురువుగారి ముందు పెట్టాడు. ఆయన కళ్ళద్దాలు సర్దుకుని అంతా చూసి, అలవాటుగా ముద్ర చేతిలోకి తీసుకున్నారు.

"ఇంకా ముద్రలేంటి గురువుగారూ? కంప్యూటర్లో అన్నీ ఉంటాయి" అని నవ్వాడు శిష్యుడు. పక్క బల్లల వాళ్ళూ నవ్వారు. ముసలాయన మొహం చిన్నబోయింది.

"అంతేలే నాయనా" అని ముద్ర సొరుగులో పెట్టేసి సంతకం చేశారు.

కంప్యూటర్లో మనం కొట్టినవే ఉంటాయి. ఆ వాక్యం శిష్యుడు కొట్టలేదు. రెండో డ్రాయింగప్పుడు గుర్తొచ్చింది, అందులో రాశాడు. మొదటిది అప్పటికే వర్క్‌షాపులోకి వెళ్ళిపోయింది. 'వాళ్ళకా మాత్రం తెలీదా' అనుకుని ఊరుకున్నాడు. మరుసటి ఏడాది గురువుగారు పోయారు.

పోయిన నెల దుప్పట్ల మిల్లు నుంచి ఆర్డరొచ్చింది. పాత గాలి ట్యాంకు లాంటిదే ఇంకొకటి కావాలట. ఫైలు తెరిస్తే అదే డ్రాయింగు. కింద గురువుగారి సంతకం, పైన ముద్ర ఉండాల్సిన చోట ఖాళీ. ఆ మిల్లులో, ఆ ట్యాంకు గదిలోనే మూతలాయన బావమరిది ఉద్యోగం. చెప్పి ఇప్పించింది కూడా ఈయనే.

చెబితే తన ఉద్యోగం పోవచ్చు, పోయిన మనిషి సంతకానికి మచ్చ రావచ్చు. చెప్పకపోతే, మలుపు దగ్గర ట్యాంకు పేలితే ఏమవుతుందో తలుచుకోవడానికే భయం. ఆదివారం బావమరిది ఇంటికొచ్చి, "ఏంటి బావా, మూతి కూడా మూతేశావ్?" అంటే కంచం పక్కకు జరిపేశాడు. వంటింట్లో భార్య గిన్నె మీద మూత పెట్టింది. అదే చప్పుడు. ఎదుటి కుర్చీలో గురువుగారు చిన్నబోయిన మొహంతో కూర్చున్నట్టే ఉంది.

మర్నాడు ఉదయం యజమాని గదిలోకి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పేశాడు.

"పన్నెండేళ్ళు నడిచిందిగా? తేనెతుట్టెను కదపకు. కొత్తదాంట్లో సరిగ్గా రాసి పంపు" అన్నాడు యజమాని.

"చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభమండీ? నా ఉద్యోగం తీసేయండి, ఆ ట్యాంకు మాత్రం కొలవనివ్వండి."

యజమాని పేపర్‌వెయిట్ పక్కకు జరిపి ఫోన్ దగ్గరికి లాక్కున్నాడు. "పో. నేను మిల్లుకు ఫోన్ చేస్తాను" అన్నాడు.

శబ్దంతో మందం కొలిచే పరికరం పట్టుకుని మధ్యాహ్నానికల్లా మిల్లుకు వెళ్ళాడు. ట్యాంకు అడ్డంగా పడుకుని ఉంది, ఆయన గీసిన మూత గదివైపు ఉబ్బి ఉంది. మధ్యలో పెడితే, పది ఉండాల్సిన చోట తొమ్మిదిన్నర మిల్లీమీటర్లు. చెయ్యి కిందికి జరిపి మలుపు మీద పెట్టాడు. ఏడు పాయింట్ ఆరు. తుడిచి మళ్ళీ పెట్టాడు. ఏడు పాయింట్ ఐదు. పన్నెండేళ్ళ తుప్పు కూడా లోపలి నుంచి తిన్నది.

"ఆపించు. గాలి వదిలెయ్యమను, మెల్లగా" అన్నాడు బావమరిదితో.

గాలంతా పోయేదాకా ఇద్దరూ బయట నిలబడ్డారు. సంగతి మొత్తం విన్నాక బావమరిదికి కోపం రాలేదు. వచ్చి ఉంటే బాగుండేది.

"ఇప్పుడు భోజనానికి ఎక్కడ కూర్చోవాలో ఏమో" అన్నాడు తలగోక్కుంటూ. "రోజూ ఆ మూతకే వీపు ఆనించి తినేవాణ్ణి బావా. వెచ్చగా ఉంటుంది. మా బావ గీసింది అని అందరికీ చెప్పేవాణ్ణి కూడా."

మూతలాయన గోడ పట్టుకుని అక్కడే కూలబడ్డాడు. బావమరిది గాభరాపడి నీళ్ళ కోసం పరిగెత్తాడు.

ఆయన ఉద్యోగం పోలేదు. ఇప్పటికీ మూతలే గీస్తున్నాడు. ఆ వాక్యం ప్రతి డ్రాయింగులోనూ అచ్చై వస్తుంది, అయినా ప్రింటు తీశాక సొరుగులోంచి గురువుగారి ముద్ర తీసి దాని పక్కనే గుద్దుతాడు. కొత్తగా చేరినవాళ్ళు చూసి నవ్వుతారు. నవ్వనిస్తాడు. చెవిలో చప్పుడు మాత్రం ఆగలేదు.