సీటు దొరికింది దస్తీకే

ఆ రోజుల్లో మా బెల్లంపల్లిలో విదేశం అంటే ఒకటే, గల్ఫ్. అందుకే నర్సింగ్ చదివిన నాకు జపాన్‌లోని ఒసాకా నగరంలో, ఒక వృద్ధాశ్రమంలో పని దొరికిందని తెలియగానే, ప్రయాణం జాగ్రత్తలు చెప్పడానికి మస్కట్ మామ దిగాడు. (మా అవ్వకు, అంటే అమ్మకు, తమ్ముడు. పన్నెండేళ్లు మస్కట్‌లో ఉండొచ్చాడు కాబట్టి ఆ పేరు. జపాన్ ఏ దిక్కున ఉందో ఆయనకు తెలియదు, అయినా సలహాలకు అది అడ్డం రాలేదు.) "యాడికి పోయినా గంతే బిడ్డా. పచ్చడి డబ్బాకు నులక తాడు గట్టిగ కట్టు. దాని మీద పేరు పెద్దగ రాయి. అడ్రసు చీటీ దస్తీ కొసకు ముడేసుకో. ఫోను బందయితది గని ముడి బందుగాదు" అన్నాడు. బాపు వెంటనే లేచి, గనిలోకి దిగేటప్పుడు మెడకు చుట్టుకునే తన ఎర్రగళ్ల దస్తీ ఉతికి తెచ్చాడు. అవ్వ దాని ఇంకో కొసకు కొంత సోంపు కట్టి, "రైల్ల కడుపుల తిప్పుతె నోట్లేసుకో" అంది. నేను చదువుకున్నదాన్ని కాబట్టి ముగ్గురినీ చూసి నవ్వాను. దస్తీ మాత్రం తీసుకున్నాను.

ఒసాకాలో మొదటి వారం శిక్షణ. అక్కడి జాగ్రత్తలు వేరే రకం. రైల్లో గట్టిగా మాట్లాడకూడదు, ఫోన్ అసలే మాట్లాడకూడదు. వీపు సంచీ ముందుకు తగిలించుకోవాలి. కదిలే మెట్ల మీద కుడి పక్కన నిలబడాలి. చెత్తబుట్టలు కనపడవు కాబట్టి చెత్త సంచీలోనే దాచుకుని ఇంటికి తెచ్చుకోవాలి. అన్నిటికన్నా ముఖ్యం, ఎక్కడికీ ఆలస్యంగా వెళ్లకూడదు. మొదటి రోజే ఆలస్యమైతే వాపసు పంపేస్తారని మా ఆడపిల్లల్లో ఒక పుకారు. బాపు ఊరంతా చెప్పుకున్నాక వాపసు వెళ్లడం అన్న మాట తలుచుకుంటేనే నాకు చెమటలు పట్టేవి.

ఆశ్రమంలో చేరాల్సిన రోజు రానే వచ్చింది. శిక్షణలో నాతోపాటు ఉన్న జగిత్యాల పిల్ల కూడా అక్కడే చేరాలి. నాలుగు గంటలకల్లా రమ్మన్నారు. ఇద్దరికీ కలిపి ఒకటే అడ్రసు చీటీ ఇచ్చారు, అది నా దస్తీ కొసన భద్రంగా ఉంది. జపాన్ సిమ్ములు ఆశ్రమంలోనే ఇస్తారట, అందాకా మా ఫోన్లు ఉత్త డబ్బాలు. స్టేషన్‌లో రైలు తలుపులు తెరుచుకుని నిలబడి ఉంది. మా వెంట రెండు సూట్‌కేసులు, నులక తాడు కట్టిన పచ్చడి డబ్బా. జగిత్యాల పిల్ల వెనక నుంచి, "అక్కా, ఉరుకు! జర సీటు ఆపు!" అని అరిచింది.

అంతే, నాకు ఒళ్లు తెలియలేదు. మంచిర్యాల బస్టాండులో కిటికీలోంచి దస్తీ విసిరి సీటు ఆపడంలో నన్ను మించినవాళ్లు లేరు. ఒకే గెంతులో రైలెక్కి, ఇద్దరు కూర్చునేంత మేర దస్తీ పరిచి, డబ్బా అందుకుందామని దిగాను. (పెట్టెలో ఉన్నది నలుగురే, సీట్లన్నీ ఖాళీ. అది నేను తర్వాత గమనించాను.) వెనక మెత్తగా ఏదో సంగీతం వినిపించింది. తిరిగి చూసేసరికి తలుపులు మూసుకున్నాయి. అద్దం వెనక బాపు దస్తీ దర్జాగా కూర్చుని వెళ్లిపోయింది. సీటు దొరికింది దానికే.

"అక్కా, చీటీ?" అంది జగిత్యాల పిల్ల. ఆశ్రమం పేరులో ఏదో పువ్వు ఉన్నట్టు గుర్తు. ఆ ఊళ్లో ప్రతి రెండో పేరులోనూ ఓ పువ్వు ఉంటుంది. ఇంక నా పని అయిపోయింది, వాపసే అనుకున్నాను. కళ్లలో నీళ్లు తిరిగాయి.

తెల్ల చేతితొడుగుల స్టేషన్ పెద్దాయన మా దగ్గరికి వచ్చాడు. ఏడాది కష్టపడి నేర్చుకున్న జపాన్ భాష సరిగ్గా అప్పుడే ముఖం చాటేసింది. కాగితం మీద దస్తీ బొమ్మ గీశాను. ఆయన నవ్వలేదు. ఫారం తీశాడు. రంగేమిటి, గళ్లు ఎంతెంత, ముడులు ఎన్ని, ఎన్నో పెట్టె? ఏదో నగ పోయినంత శ్రద్ధగా రాసుకుని ఎక్కడికో ఫోన్ చేశాడు. అరగంటకు ఎదురు రైల్లోంచి ఒక ఉద్యోగిని దిగి, ప్లాస్టిక్ కవరులో మడతపెట్టిన దస్తీని రెండు చేతులతో అందించింది. ముడులు విప్పలేదు! దస్తీ నాదేనని తేల్చుకోవడానికి పెద్దాయన తన ముందే నన్ను విప్పమన్నాడు. సోంపు ఆయన అరచేతిలో పడింది. వాసన చూసి, ఫారంలో రెండు పంక్తులు రాశాడు. (ఏం రాశాడో ఇప్పటికీ తెలియదు.) తర్వాత చీటీలోని నంబరుకు ఫోన్ చేసి, మాటమాటకూ నడుము వంచాడు.

"గదేందక్కా, ఫోనుకు దండం పెడుతుండు?" అంది జగిత్యాల పిల్ల.

ఆ దండాలు మా తరఫున చెప్పిన క్షమాపణలని ఆశ్రమం చేరాక తెలిసింది. నలభై నిమిషాల ఆలస్యం. ఆశ్రమం నడిపే పెద్ద మేడమ్ గేటు బయటే నిలబడి ఉంది. నేను తల దించుకున్నాను. "రైలు వదిలేసి పోయిందట కదా, చాలా భయపడ్డారా?" అందామె నిదానంగా. అప్పుడు మాత్రం నేను నిజంగానే ఏడ్చేశాను. ఇంతకీ సీటు మీద గుడ్డ ఎందుకు వేశారని అడిగితే, ఏడుస్తూనే మా బస్టాండు పద్ధతి వివరించాను. ఆమె ఆ కథను రాత్రి భోజనాల దగ్గర ముసలివాళ్లందరికీ చెప్పింది. మర్నాటి నుంచి తొంభై ఏళ్ల అమ్మమ్మ ఒకరు తన పక్క కుర్చీలో చేతిరుమాలు పరిచి ఉంచేది. ఎవరైనా కూర్చోబోతే ఒప్పుకునేది కాదు, అది నాదట. ఆ ఊరు నాది అనిపించింది ఆ కుర్చీలో కూర్చున్నప్పుడే.

ఇప్పుడు నేను కరీంనగర్‌లో ఉంటున్నాను. వచ్చే వారం మా అన్న కూతురు ఒసాకాకు పోతోంది. నిన్న జాగ్రత్తలన్నీ చెప్పి, ఎర్రగళ్ల దస్తీ తీసి ఒక కొసకు అడ్రసు చీటీ, ఇంకో కొసకు సోంపు ముడేశాను.

"అంత ఫోన్ల ఉన్నది గదత్తా. గిది ఎందుకు?" అని నవ్వింది, చదువుకున్న పిల్ల.

"ఫోను బందయితది గని ముడి బందుగాదు" అన్నాను. అన్నాక గాని తెలియలేదు, మాట్లాడింది మస్కట్ మామ అని. వెళ్లిపోయే రైలును నోరు తెరుచుకుని చూస్తూ నిలబడ్డ ఆనాటి నా రూపం కళ్ల ముందు కదిలి నవ్వొచ్చింది. అంత కంగారు, అంత భయం మళ్లీ రమ్మన్నా రావు. రైల్లో సీటు ఆపొద్దని మాత్రం మా పిల్లకు చెప్పలేదు. మరిచిపోయానని మా అన్నతో అన్నాను గానీ, కావాలనే చెప్పలేదు.